పాత ఇంజెక్షన్ కారు వేడెక్కాక ఎందుకు వణుకుతుంది? కంప్యూటర్ మార్చే ముందు చూడాల్సినవి ఏమిటి?

ఉదయం తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. మొదటి రెండు, మూడు నిమిషాలు ఏ ఇబ్బందీ ఉండదు. ఇంజిన్ వేడెక్కాకే అసలు సమస్య మొదలవుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ దాకా వణుకు తెలుస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం తటపటాయించి, జర్కులు ఇస్తూ కదులుతుంది.

1970ల నాటి డాట్సన్ 280జెడ్ స్పోర్ట్స్ కారును ఇప్పటికీ నడుపుతున్నవారికి ఈ లక్షణం బాగా పరిచయం. చాలాసార్లు దీనికి జరిగే వైద్యం కూడా ఒకేలా ఉంటుంది. ముందు స్పార్క్ ప్లగ్‌లు మారుస్తారు. తగ్గకపోతే ఇంజెక్టర్లు మారుస్తారు. అప్పటికీ తగ్గకపోతే కంప్యూటర్ పోయిందని తేల్చి, ఎక్కడో దొరికిన పాత కంప్యూటర్‌ను తెచ్చి పెడతారు. బిల్లు పెరుగుతుంది కానీ వణుకు పోదు.

అసలు దోషం చాలావరకు గట్టిపడిన రబ్బరు గొట్టంలోనో, చిలుము పట్టిన కనెక్టర్‌లోనో ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక మల్టీమీటర్, ఒక ఫ్యూయల్ ప్రెషర్ గేజ్, వాటికి తోడు వరుస తప్పని పరీక్షలు చాలు.

ఏమిటీ కారు?

డాట్సన్ అంటే మన పాఠకుల్లో చాలామందికి 2014లో భారత్‌లో అమ్మకాలు మొదలై 2022లో ఆగిపోయిన చిన్న కార్లే గుర్తొస్తాయి. నిస్సాన్ కంపెనీకి చెందిన ఆ పేరుకు అమెరికాలో అంతకు చాలా ముందే గొప్ప ఆదరణ ఉండేది. దాన్ని తెచ్చిపెట్టింది 240జెడ్ స్పోర్ట్స్ కారు. అందులో పెట్రోలు, గాలి కలిపే పని కార్బ్యురేటర్లది.

అమెరికాలో 1970 నాటి క్లీన్ ఎయిర్ చట్టం తర్వాత పొగ నిబంధనలు బిగుసుకున్నాయి. వాటికి తట్టుకోవడం కార్బ్యురేటర్లకు కష్టమైంది. దాంతో 1975 మోడల్ నుంచి ఆ మార్కెట్‌కు 280జెడ్ వచ్చింది. ఆరు సిలిండర్లు, 2,753 సీసీ ఇంజిన్, ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ దాని ప్రత్యేకతలు. 1978 వరకు ఈ కారు అమ్ముడైంది.

దీనిలోని ఇంజెక్షన్ వ్యవస్థకు మూలం జర్మనీకి చెందిన బాష్ కంపెనీ రూపొందించిన ఎల్-జెట్రానిక్. జర్మన్‌లో గాలిని 'లుఫ్ట్' అంటారు, పేరులోని 'ఎల్' అదే. లోపలికి వెళ్లే గాలిని కొలిచి, దానికి తగినంత పెట్రోలు పంపడం దీని పని. అదే కాలంలో యూరప్ కార్లు కూడా చాలా ఈ వ్యవస్థను వాడాయి. అందువల్ల ఇక్కడ చెప్పుకొనే పద్ధతి వాటికీ చాలావరకు వర్తిస్తుంది.

కంప్యూటర్‌కు ఏం తెలుస్తుంది?

ఈ కారులోని కంప్యూటర్ ఇప్పటి వాటిలాంటిది కాదు. దానికి జ్ఞాపకశక్తి లేదు. తప్పు జరిగితే కోడ్ రాసిపెట్టుకోదు. సైలెన్సర్ నుంచి బయటికి వెళ్లే వాయువులో ఆక్సిజన్ ఎంత ఉందో చూసే సెన్సర్ కూడా 280జెడ్‌లో లేదు. అంటే తాను పంపిన పెట్రోలు ఎక్కువైందో, తక్కువైందో దానికి తెలిసే దారే లేదు.

దానికి అందే సమాచారం కొద్దిపాటిదే. ఎయిర్ ఫ్లో మీటర్‌లోని ఫ్లాప్ ఎంత తెరుచుకుందో చూసి ఎంత గాలి వస్తోందో అంచనా వేస్తుంది. లోపలికి వచ్చే గాలి ఎంత వేడిగా ఉందో, ఇంజిన్ చుట్టూ తిరిగే కూలెంట్ ఎంత వేడిగా ఉందో రెండు సెన్సర్లు చెబుతాయి. థ్రాటిల్ పూర్తిగా మూసి ఉందా, పూర్తిగా తెరిచి ఉందా అన్నది ఒక స్విచ్ చెబుతుంది. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందన్నది ఇగ్నిషన్ కాయిల్ నెగటివ్ టెర్మినల్ నుంచి వచ్చే సిగ్నల్‌ను బట్టి తెలుస్తుంది.

వీటిని లెక్కగట్టి కంప్యూటర్ ఒక్కటే నిర్ణయిస్తుంది. ఇంజెక్టర్లను ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉంచాలి? ఆరు ఇంజెక్టర్లూ క్రాంక్‌షాఫ్ట్ ఒక్కో చుట్టుకు ఒకసారి, ఒకేసారి తెరుచుకుంటాయి.

సెన్సర్ ఏది చెబితే దాన్నే కంప్యూటర్ నమ్ముతుంది. తీగ తెగి సెన్సర్ తప్పు చెప్పినా, కంప్యూటర్ ఆ తప్పుకు తగ్గట్టే పెట్రోలు పంపుతుంది. అందుకే దాన్ని మార్చే ముందు దానికి ఏం చేరుతోందో కొలవాలి.

ఒకే వణుకు, రెండు వ్యతిరేక కారణాలు

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక వణికే ఇంజిన్‌కు రెండు కారణాలు ఉండొచ్చు. అవి ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం.

మొదటిది, పెట్రోలు ఎక్కువ కావడం. చల్లని ఇంజిన్‌కు ఎలాగూ ఎక్కువ పెట్రోలు కావాలి కాబట్టి అప్పుడు తేడా తెలియదు. వేడెక్కాక కూడా అదే స్థాయిలో పెట్రోలు వస్తుంటే ప్లగ్‌లు తడిసి, మసి పట్టి, మిస్‌ఫైరింగ్ మొదలవుతుంది.

రెండోది, పెట్రోలు తక్కువ కావడం. ఎక్కడో గాలి లీకవుతున్నా, చల్లగా ఉన్నప్పుడు వచ్చే అదనపు పెట్రోలు ఆ లోటును కప్పిపుచ్చుతుంది. వేడెక్కి ఆ అదనం ఆగిపోగానే లీకు బయటపడుతుంది.

ఏది నిజమో స్పార్క్ ప్లగ్‌లు చెబుతాయి. కాసేపు నడిపి, ఇంజిన్ చల్లారాక ఆరు ప్లగ్‌లూ తీసి వరుసగా పెట్టాలి. కొనలు లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం బాగున్నట్టు. పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. పాలిపోయి తెల్లగా ఉంటే తక్కువైనట్టు.

ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. పెట్రోలు ఒత్తిడిని నియంత్రించే రెగ్యులేటర్‌కు ఇన్‌టేక్ నుంచి ఒక సన్నని వాక్యూమ్ గొట్టం వెళుతుంది. ఐడిలింగ్‌లో దాన్ని తీసి, గొట్టం చివరను మూసేస్తే పెట్రోలు ఒత్తిడి పెరిగి, ఇంజెక్టర్ల నుంచి కొంచెం ఎక్కువ పెట్రోలు వస్తుంది. వణుకు తగ్గితే ఇంజిన్ పెట్రోలు కోసం అలమటిస్తోందని అర్థం. ఇంకా పెరిగితే అప్పటికే ఎక్కువైందని అర్థం.

ఒక సిలిండరా, ఆరూనా?

తర్వాత తేల్చాల్సింది ఇది. ఐడిలింగ్‌లో ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్‌ను తీసి, ఇంజిన్ వేగం ఎంత పడిపోతుందో చూడాలి. బాగా పనిచేస్తున్న సిలిండర్‌ను ఆపితే వేగం స్పష్టంగా తగ్గుతుంది. ఏ సిలిండర్ దగ్గర తేడా రాలేదో అదే పనిచేయడం లేదు.

ఒక్క సిలిండర్‌లోనే సమస్య ఉంటే ఆ ప్లగ్, దాని తీగ, ఇంజెక్టర్, వాల్వ్ చూస్తే చాలు. కంప్యూటర్ ఆరింటికీ ఒకే ఆదేశం ఇస్తుంది కాబట్టి ఒక్క సిలిండర్ తప్పుకు దాన్ని నిందించడం అరుదుగానే సరైనదవుతుంది. ఆరింటిలోనూ సమస్య ఉంటే గాలి లీకు, సెన్సర్లు, పెట్రోలు ఒత్తిడి వైపు వెళ్లాలి.

యాభై ఏళ్ల నాటి ప్లాస్టిక్ కనెక్టర్లు చేతిలోనే విరిగిపోతాయి. వాటిని పట్టి ఉంచే సన్నని లోహపు క్లిప్పులను ముందు నెమ్మదిగా తీసి, తర్వాతే లాగాలి.

ముందు ఇంజిన్ ఆరోగ్యం, ఆ తర్వాతే ఇంజెక్షన్

వాల్వ్ సరిగా మూసుకోని ఇంజిన్‌ను ఏ ఇంజెక్షన్ సర్దుబాటూ బాగుచేయలేదు. ఈ ఇంజిన్‌లో టాపెట్ల సందును అప్పుడప్పుడూ సరిచేయాలి. వేడిగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ వాల్వ్‌కు 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వాల్వ్‌కు 0.30 మిల్లీమీటర్లు ఉండాలి. టకటకమనే టాపెట్ గురించి అందరూ కంగారు పడతారు. చప్పుడు లేకుండా బిగుసుకుపోయింది అంతకన్నా ప్రమాదకరం. సందు లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోక, వేడికి అంచు కాలిపోతుంది. కంప్రెషన్ పరీక్షలో ఒక సిలిండర్ మిగతా వాటికన్నా 20 శాతానికి మించి తక్కువగా ఉంటే ముందు ఆ సంగతి తేల్చుకోవాలి.

స్పార్క్ వ్యవస్థ వంతు ఆ తర్వాత. ఇంజెక్టర్లు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పే సిగ్నల్ వచ్చేదీ ఇగ్నిషన్ కాయిల్ నుంచే. కాబట్టి అక్కడ తీగ వదులైతే స్పార్క్‌తోపాటు పెట్రోలు కూడా తప్పుతుంది. దీన్ని పట్టించే ఆనవాలు డ్యాష్‌బోర్డు మీదే ఉంది. నడుస్తుండగా జర్కు వచ్చిన ప్రతిసారీ ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా కింద పడి లేస్తుంటే సిగ్నల్ తెగిపోతోందని అనుమానించాలి. ఇగ్నిషన్ మాడ్యూల్ పాతదైతే చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసి, వేడెక్కాక మొరాయించడం కూడా ఉంది.

లెక్కలోకి రాని గాలి

ఎయిర్ ఫ్లో మీటర్ దాటాక లోపలికి చొరబడే గాలి కంప్యూటర్ లెక్కలోకి రాదు. లెక్కలోకి రాని గాలికి పెట్రోలూ రాదు.

అలా చొరబడే దారులు చాలా ఉన్నాయి. మీటర్‌కు, థ్రాటిల్‌కు మధ్య ఉండే పెద్ద రబ్బరు గొట్టం మడతల్లో పగుళ్లు వస్తాయి. పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది, చేత్తో వంచితేనే అవి కనిపిస్తాయి. ఇంజెక్టర్ల కింద రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. బ్రేక్ బూస్టర్ గొట్టం, క్రాంక్‌కేస్ ఆవిరిని తిరిగి ఇన్‌టేక్‌కు పంపే గొట్టం కూడా అనుమానించదగ్గవే. ఇంజిన్ ఆయిల్ పోసే మూత, ఆయిల్ కొలిచే పుల్ల దగ్గరి సీలు కూడా ఈ జాబితాలో ఉన్నాయంటే చాలామంది నమ్మరు. క్రాంక్‌కేస్ కూడా ఇన్‌టేక్‌కు కలిసి ఉంటుంది కాబట్టి అక్కడి సందూ గాలి లీకే.

ఇందులోనే ఒక సులువైన పరీక్ష దాగి ఉంది. ఐడిలింగ్‌లో ఆయిల్ మూత తీయాలి. ఎక్కడా లీకు లేని ఇంజిన్ వెంటనే తడబడుతుంది, ఆగిపోనూ వచ్చు. మూత తీసినా ఏ తేడా రాకపోతే గాలి అప్పటికే వేరే దారిలో వస్తూ ఉండొచ్చు, లేదా క్రాంక్‌కేస్ ఆవిరి గొట్టం పూడుకుపోయి ఉండొచ్చు.

లీకు ఎక్కడుందో తెలుసుకోవడానికి కొందరు కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రే కొడతారు. ఈ ఇంజిన్ మీద అది ప్రమాదం. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. ఇంజెక్టర్లకు సరిగ్గా కిందే మండే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉంటుంది. ఇంజిన్ ఆపి, ఇన్‌టేక్‌లోకి తక్కువ ఒత్తిడితో పొగ పంపి, అది ఎక్కడ బయటికి వస్తుందో చూడటం సురక్షితమైన పద్ధతి.

వేడిని తప్పుగా చెప్పే సెన్సర్

పెట్రోలు ఎక్కువైందని తేలితే మొదటి అనుమానం కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ మీదకు వెళ్లాలి. దీని తీరు సులువు. వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 2,500 ఓంలు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓంలు ఉంటుంది.

కనెక్టర్‌లో చిలుము పట్టి మధ్యలో ఇంకో వెయ్యి ఓంలు చేరాయనుకుందాం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కినా కంప్యూటర్‌కు కనిపించేది 1,300 ఓంలు. దాని దృష్టిలో ఇంజిన్ ఇంకా వేడెక్కుతూనే ఉంది. అదనపు పెట్రోలు ఆగదు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, తర్వాత మసి కక్కుతూ వణికే కారు కథ చాలాసార్లు ఇదే. తీగ పూర్తిగా తెగిపోతే కంప్యూటర్ గడ్డకట్టే చలిలో ఉన్నాననుకుని ఇంజిన్‌ను పెట్రోలుతో ముంచేస్తుంది.

అందుకే రెసిస్టెన్స్‌ను రెండు చోట్ల కొలవాలి. ఒకసారి సెన్సర్ దగ్గర, మరోసారి కంప్యూటర్‌కు వెళ్లే 35 పిన్నుల కనెక్టర్ దగ్గర. బ్యాటరీ తీగ తీశాకే ఆ కనెక్టర్‌ను విప్పాలి. రెండు చోట్లా ఒకే అంకె వస్తే తీగ బాగున్నట్టు. కంప్యూటర్ దగ్గర ఎక్కువ వస్తే సెన్సర్ మార్చి లాభం లేదు, దోషం మధ్యలో ఉంది. అదే కనెక్టర్ దగ్గర గాలి ఉష్ణోగ్రత సెన్సర్, ఎయిర్ ఫ్లో మీటర్, థ్రాటిల్ స్విచ్‌లను కూడా సర్వీస్ మాన్యువల్‌లోని అంకెలతో పోల్చుకోవచ్చు.

ఎర్త్ తీగలు కూడా చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ నెగటివ్‌కు, ఇంజిన్ లోహానికి మధ్య వోల్టేజ్ దాదాపు సున్నా ఉండాలి. అర వోల్టు కనిపిస్తే ఎక్కడో తుప్పు ఉందనే అర్థం.

చలిలో స్టార్ట్ కావడానికి అదనంగా పెట్రోలు చిమ్మే కోల్డ్ స్టార్ట్ వాల్వ్ కూడా కారుతూ ఉండొచ్చు. దాన్ని బయటికి తీసి, పెట్రోలు ఒత్తిడి ఉన్నప్పుడు కొన నుంచి చుక్కలు రాలుతున్నాయేమో చూస్తే తెలిసిపోతుంది.

పెట్రోలు ఒత్తిడి: అశ్రద్ధ చేస్తే మంటే

రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం తీసి ఉంచినప్పుడు ఒత్తిడి సుమారు 36 పీఎస్‌ఐ ఉండాలి. గొట్టం తిరిగి పెడితే ఐడిలింగ్‌లో 30 పీఎస్‌ఐ దరిదాపులకు దిగాలి. ఐడిలింగ్‌లో సరిగానే ఉండి, వేగం పెంచినప్పుడు పడిపోతుంటే ఫిల్టర్ పూడుకుపోయి ఉండొచ్చు. ఏళ్ల తరబడి కదలని కారు అయితే ట్యాంకు అడుగున తుప్పు పేరుకుని ఉంటుంది. అలాంటప్పుడు ఎన్ని ఫిల్టర్లు మార్చినా కొన్నాళ్లకే మళ్లీ నిండుతాయి.

ఇంజిన్ ఆపాక కూడా కొంత ఒత్తిడి నిలవాలి. వేడి ఇంజిన్‌ను పావుగంట ఆపి, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఒకటి రెండు నిమిషాలు వణికి తర్వాత సర్దుకుంటే అది వేరే సమస్య. కింది నుంచి వచ్చే ఎగ్జాస్ట్ వేడికి ఇంజెక్టర్లలోని పెట్రోలు ఆవిరి కావడం దానికి కారణం. తర్వాత వచ్చిన 280జెడ్ఎక్స్ మోడల్‌లో ఇంజెక్టర్లను చల్లబరచడానికి చిన్న ఫ్యాన్ పెట్టారు.

ఈ ఇంజిన్‌లో పెట్రోలు కారితే నేరుగా ఎగ్జాస్ట్ మీదే పడుతుంది. అందుకే వణుకు తగ్గినా తగ్గకపోయినా పాత పెట్రోలు గొట్టాలన్నీ మార్చాలి. కార్బ్యురేటర్ బండ్లకు వాడే మామూలు గొట్టం ఈ ఒత్తిడికి పనికిరాదు. ఇంజెక్షన్ కోసం తయారైన ఎస్‌ఏఈ జే30ఆర్9 రకం, దానికి తగ్గ క్లాంపులు వాడాలి. ఏ గొట్టం విప్పాలన్నా ముందు ఇంజిన్ చల్లారాలి. సర్వీస్ మాన్యువల్ చెప్పినట్టు ఒత్తిడి దించాలి. మంటలు ఆర్పే పరికరం పక్కనే ఉండాలి.

దోషాన్ని దాచే చిట్కా

280జెడ్ యజమానుల్లో ఒక చిట్కా ప్రచారంలో ఉంది. కూలెంట్ సెన్సర్ తీగలో ఒక చిన్న వేరియబుల్ రెసిస్టర్ కలిపి, రెసిస్టెన్స్ పెంచితే పెట్రోలు ఎక్కువ వస్తుంది. పెట్రోలు తక్కువై వణికే కారు దీంతో చాలావరకు సర్దుకుంటుంది.

పరీక్షగా ఇది మంచిదే. కారణం పెట్రోలు లోటేనని నిర్ధారిస్తుంది. శాశ్వతంగా అలాగే వదిలేస్తే మాత్రం గాలి లీకు అలాగే ఉంటుంది, రోజురోజుకూ పెరుగుతుంది. లోటు పెరిగిన ఇంజిన్ ఎక్కువ వేడెక్కి వాల్వ్‌లు, పిస్టన్‌లు దెబ్బతింటాయి. అవసరానికి మించి పెట్రోలు పెట్టినా నష్టమే. కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి, కింద ఆయిల్‌లో కలుస్తుంది.

అయితే అన్నీ సరిచేసినా కొంచెం లోటు మిగిలిపోవడానికి న్యాయమైన కారణం ఒకటి ఉంది. అది పెట్రోలే. 280జెడ్‌ను తయారుచేసిన రోజుల్లో అందులో ఎథనాల్ లేదు. ఇప్పుడు అమెరికాలో అమ్మే పెట్రోలులో ఎక్కువ భాగం 10 శాతం ఎథనాల్ కలిసినదే. ఎథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి తక్కువ గాలి చాలు. ఒక పాలు శుద్ధ పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. 10 శాతం మిశ్రమానికి సుమారు 14.1 పాళ్లు సరిపోతాయి. ఆక్సిజన్ సెన్సర్ లేని కంప్యూటర్ పాత లెక్కతోనే పెట్రోలు పంపుతుంది. ఫలితంగా సుమారు 4 శాతం లోటు వస్తుంది.

భారత్‌లోని పాత కార్లకు ఇందులో ఏముంది?

280జెడ్ మన రోడ్ల మీద కనిపించే కారు కాదు. ఇంజెక్షన్ కార్లు మాత్రం ఇక్కడా పాతబడ్డాయి. ఢిల్లీ పరిసరాల్లో యూరో నిబంధనలను ముందుకు జరుపుతూ 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం తర్వాత కార్బ్యురేటర్ కార్లు త్వరగా వెనక్కి వెళ్లాయి. వెనుక అద్దం పక్కన 'ఎంపీఎఫ్ఐ' అక్షరాలతో అప్పుడు వచ్చిన కార్ల వయసు ఇప్పుడు పాతికేళ్లు. వాటి రబ్బరు గొట్టాలకు, కనెక్టర్లకు కూడా అదే వయసు.

వాటిలో చాలావాటికి ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది, స్కానర్ పెడితే కోడ్ వస్తుంది. ఆ కోడ్ చెప్పేది ఫలానా సెన్సర్ నుంచి వచ్చే సిగ్నల్ తేడాగా ఉందని మాత్రమే. సెన్సర్ పోయిందా, తీగ తెగిందా, గాలి లీకవుతోందా అన్నది మల్టీమీటర్‌తోనే తేలాలి. కోడ్ చూసి నేరుగా సెన్సర్ ఆర్డర్ చేసే మెకానిక్ దగ్గర, కంప్యూటర్ మార్చిన 280జెడ్ యజమానికి ఎదురైన అనుభవమే ఎదురుకావచ్చు.

20 శాతం ఎథనాల్ పెట్రోలు విస్తృతంగా అందుబాటులోకి వచ్చాక 2025లో పాత బండ్ల యజమానుల్లో ఆందోళన వ్యక్తమైంది. ఎథనాల్ లేని పెట్రోలు కోసం రూపొంది, 10 శాతానికి సర్దుబాటు చేసిన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదిక అంచనా వేసింది. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న కారు పెట్రోలు లోటును కొంతవరకు తనంతట తానే సర్దుకోగలదు. పాత రబ్బరుకు ఆ వెసులుబాటు లేదు.

కాబట్టి పాతికేళ్ల కారు వణకడం మొదలుపెడితే ప్లగ్‌లు తీసి చూడటం, గొట్టాలు వంచి చూడటం, సెన్సర్ల రెసిస్టెన్స్ కొలవడం వరుసగా జరగాలి. వీటికి అయ్యేది ఒక పూట కూలీ. కొత్త భాగం ఏది కొనాలన్నా, ఈ పరీక్షల్లో వచ్చిన అంకెలు కాగితం మీద రాసి చూపించమని మెకానిక్‌ను అడగడం యజమాని హక్కు.